ట్యాంక్‌బండ్ కింద తేలేది నాచా, బాక్టీరియానా?

హుస్సేన్‌సాగర్ మీద ఆకుపచ్చ తెట్టు ఫొటోలు మళ్లీ ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటి కింద జరిగే వాదన కూడా పాతదే. "నాచేగా, ఎండలు ముదిరితే ఏ చెరువుకైనా పడుతుంది" అని ఒక పక్షం. "నాచు కాదు, విషం చిమ్మే బాక్టీరియా" అని ఇంకో పక్షం. ఇద్దరూ చూస్తున్నది ఒక్కదాన్నే. ఈ చెరువు నీటి పరిశీలనల్లో పదేపదే కనబడే పేరు మైక్రోసిస్టిస్ అనే నీలి-ఆకుపచ్చ సూక్ష్మజీవి. కూకట్‌పల్లి నాలా, మిగతా నాలాలు మోసుకొచ్చే మురుగులోని భాస్వరం, నిలిచిన నీరు, ఎండ... ఇంతవరకు అందరికీ తెలిసిందే. మైక్రోసిస్టిస్ ఇంటిపేరు, అంటే దాన్ని ఏ జీవుల గుంపులో చేర్చారన్నది, ఎప్పుడు, ఎందుకు మారిందో మాత్రం ఈ వాదనలో ఎవరూ ఎత్తరు.

జీవులను రాజ్యాలుగా విడగొట్టిన లిన్నేయస్, హెకెల్ సంగతులు వదిలేద్దాం. బైపీసీ చదివిన వాళ్లకు అవి కంఠతా వచ్చు. మలుపు వచ్చింది 1962లో. అప్పటిదాకా మన యూనివర్సిటీల్లో నడిచింది ఫ్రిచ్ పద్ధతి. రంగు పదార్థాలేమిటి, తిండిని ఏ రూపంలో దాచుకుంటుంది, కశాభాలు (ఈదడానికి వాడే కొరడా లాంటి పోగులు) ఎన్ని, ఎక్కడ అన్నవి చూసి ఫ్రిచ్ శైవలాలను, అంటే నాచు జాతులను, 11 తరగతులు చేశాడు. అందులో చివరిది మిక్సోఫైసీ, అంటే నీలి-ఆకుపచ్చ శైవలాలు. వాటికి కశాభాలే లేవు. హరితరేణువూ లేదు, రంగు కణమంతా పరుచుకుని ఉంటుంది. ఇబ్బందిగానే ఉన్నా, కిరణజన్య సంయోగక్రియ చేసి ఆక్సిజన్ వదులుతున్నాయి కాబట్టి వృక్షశాస్త్రం వాళ్లు తమ దగ్గరే ఉంచుకున్నారు.

1962లో సూక్ష్మజీవి శాస్త్రవేత్తలు స్టేనియర్, వాన్ నీల్ ఇద్దరూ కలిసి అసలు బాక్టీరియా అంటే ఏమిటని తిరగదోడారు. రంగు కాదు, కణం కట్టుబడి చూడాలన్నది వాళ్ల వాదన. ఈ నీలి-ఆకుపచ్చవాటి కేంద్రకానికి పొర లేదు, మైటోకాండ్రియా లేదు, గోడలో బాక్టీరియా గోడ పదార్థమే ఉంది. అలాంటప్పుడు ఆకుపచ్చగా ఉన్నంత మాత్రాన మొక్క ఎలా అవుతుంది? మరుసటి ఏడాదే శాఫర్‌మన్, మోరిస్ ఒక మురుగునీటి గుంటలో ఈ జీవుల మీద పడే వైరస్‌ను పట్టుకున్నారు. చూడబోతే అది బాక్టీరియాను చంపే ఫాజ్‌ల కోవలోదే. పెన్సిలిన్ వేస్తే ఇవి పెరగకుండా ఆగిపోతాయి, అదే మందుకు పక్కనున్న అసలు ఆకుపచ్చ శైవలం చలించదు. ఇన్ని సాక్ష్యాల తర్వాత 1969లో విట్టేకర్ జీవులకు అయిదు రాజ్యాలు గీసినప్పుడు ఇవి బాక్టీరియాల రాజ్యమైన మొనిరాలోకి వెళ్లాయి. 1978లో స్టేనియర్ బృందం, పేర్లు పెట్టే పని కూడా బాక్టీరియా నియమావళికే అప్పగించమంది.

వృక్షశాస్త్రం వాళ్లు దానికి ఒప్పుకోలేదు. వాళ్ల వాదన ఇదీ: మైక్రోసిస్టిస్ ఎరుజినోసా అనే పేరు 1846 నుంచి నడుస్తోంది, దాన్ని సూక్ష్మదర్శినిలో ఆకారం చూసే గుర్తిస్తున్నాం, పేరు మార్చి సాధించేదేమిటి? 2011లో మెల్‌బోర్న్‌లో వృక్ష నామకరణ నియమావళి పేరునే "శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కలు" అని సవరించారు, నీలి-ఆకుపచ్చవాటిని మాత్రం వదల్లేదు. "నాచే" అనేవారికి ఈ ఆధారం ఉంది. ఆధారం పేరు వరకే. నీటిలోకి దిగాక అది పనిచేయదు.

ఉదాహరణకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) సంగతి. నాచు పట్టిన తొట్టిలో కాస్త కాపర్ సల్ఫేట్ వేస్తే నాచు చచ్చి నీరు తేటపడుతుంది. మైక్రోసిస్టిస్ తెట్టు మీద వేసినా రంగు పోతుంది, కానీ కణాలు పగిలి లోపలున్న మైక్రోసిస్టిన్ అనే విషం నీటిలో కలుస్తుంది. ఈ జాతి ఎక్కువ విషాన్ని బతికున్నంత కాలం కణం లోపలే ఉంచుకుంటుంది, చచ్చాకే వదులుతుంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో జలాశయం తెట్టుకు కాపర్ సల్ఫేట్ కొట్టాక 148 మంది జబ్బు పడ్డారు, ఎక్కువమంది పిల్లలే. అక్కడి జాతి వేరు, జరిగిన తీరు ఇదే. కాచితే పోతుందనుకోవద్దు. ఈ విషం మరిగే నీటికి చెక్కుచెదరదు, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది కూడా. తాగునీటిలో జీవితకాలం వాడకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రామ్. హుస్సేన్‌సాగర్ నీరు ఇప్పుడు ఎవరూ తాగరు, నిజమే. తాగునీటి చెరువుకు ఇదే తెట్టు వస్తే మాత్రం ముందు క్లోరిన్ వేసి తర్వాత పటిక వేయడం తలకిందుల పని. పటికతో కణాలను పగలకుండా గడ్డకట్టించి తీసేశాకే క్లోరిన్ వేయాలి.

ఒడ్డున నిలబడి తేల్చుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. చేతికి తొడుగు వేసుకుని కర్రతో తెట్టును ఎత్తితే, జుట్టులా వేలాడేది స్పైరోగైరా లాంటి పోగు శైవలం. కర్రకు రంగు డబ్బాలో ముంచినట్టు అంటుకుని కారితే మైక్రోసిస్టిస్ కావచ్చు. అంచున ఎండినచోట లేత నీలం, తెలుపు చారలు కనబడితే అనుమానం బలపడుతుంది. పగిలిన కణాల్లోంచి నీలి రంగు బయటికొచ్చి అలా ఆరుతుంది. సీసాలో ముప్పాతిక నింపి రాత్రంతా కదపకుండా ఉంచితే ఆకుపచ్చ శైవలాలు చాలావరకు అడుక్కి చేరతాయి, మైక్రోసిస్టిస్ పైకి తేలి మీగడ కడుతుంది.

దాన్ని తేల్చేవి కణంలోని గ్యాస్ బుడగలు. వాటి గోడ ఉత్త ప్రొటీన్, ఒత్తిడి పడితే చితికిపోతుంది. 1895లో క్లేబాన్ నీటితో గొంతుదాకా నింపిన సీసా బిరడా మీద సుత్తితో కొట్టి దీన్ని చూపించాడు. దెబ్బ పడగానే తెట్టు పలచబడి, తర్వాత మునిగిపోయింది. ఇప్పుడు సుత్తి అవసరం లేదు, సూది లేని ప్లాస్టిక్ సిరంజి చాలు. గాలి లేకుండా నింపి, మూతి గట్టిగా మూసి, పిస్టన్‌ను బలంగా నొక్కితే బుడగలు చితికి అది మునుగుతుంది. నీటి పరీక్షల్లో కణాల లెక్కలు తప్పేదీ ఇక్కడే. శాంపిల్‌లో లుగాల్ అయోడిన్ వేసి 24 గంటలు అడుక్కి దిగనిచ్చి, అడుగునున్నవే లెక్కపెడితే, బుడగలు చితకని మైక్రోసిస్టిస్ పైనే తేలుతూ లెక్కలోకి రాదు. చెరువు పచ్చగానే ఉంటుంది, రిపోర్టులో మాత్రం అంకె చిన్నది.

సీసా పరీక్షకు చిక్కనిది యూగ్లీనా అనే ఏకకణ జీవి. వెలుతురు వైపు ఈదుకుంటూ వచ్చి అదీ పైన పొర కడుతుంది. అయోడిన్ వేసి చూసినా గుర్తుపట్టలేం, ఎందుకంటే దాని నిల్వ తిండి పారమైలాన్ పిండిపదార్థంలా నల్లబడదు. దీని ఇంటిపేరు ఇంకో తలనొప్పి. మన ఇంటర్ విద్యార్థి దీన్ని బోటనీలో ఒకసారి, జువాలజీ ప్రోటోజోవా పాఠంలో ఇంకోసారి చదువుతాడు. యూగ్లీనా పూర్వీకుడు ఒక ఆకుపచ్చ శైవలాన్ని మింగి హరితరేణువుగా ఉంచేసుకున్నాడు. దగ్గరి చుట్టమేమో నిద్ర జబ్బు తెచ్చే ట్రిపనోసోమా. మన బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో చూసిన మలేరియా పరాన్నజీవిదీ ఇదే కథ. అందులో రంగు పోయిన ఒక హరితరేణువు ఇంకా ఉందని 1990ల్లో తేలింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ దెబ్బ దానికే తగులుతుంది. 2005, 2012, 2019 వర్గీకరణ సవరణల్లో ఇలాంటి ఏకకణ జీవుల (ప్రొటిస్టుల) పెద్ద గుంపులు ఎన్నోసార్లు చెదిరి మళ్లీ కలిశాయి. ఒక్కటి మాత్రం మారలేదు: మైక్రోసిస్టిస్ తిరిగి ఏ శైవలం గుంపులోకీ చేరలేదు.

విట్టేకర్ రాజ్యాలు వచ్చిన 1969లోనే ఇంకో రెండు జరిగాయి. మూసీ శైవలాలకూ కాలుష్యానికీ ఉన్న లంకె మీద వి. వెంకటేశ్వర్లు అధ్యయనం వెలువడింది. అమెరికాలో పామర్ అనే శాస్త్రవేత్త, నీటిలోని శైవలాలను బట్టి లెక్కవేసే తన కాలుష్య సూచికను ఇచ్చాడు. మన దగ్గర చెరువుల రిపోర్టులు ఇప్పటికీ దాన్నే వాడతాయి. మిల్లీలీటరుకు 50, అంతకు మించి కనబడిన ఒక్కో ప్రజాతికి మార్కు వేస్తారు, మొత్తం 20 గానీ అంతకు మించి గానీ వస్తే సేంద్రియ కాలుష్యం ఎక్కువన్నమాట. యూగ్లీనాకు 5, ఆసిలటోరియాకు 5, సీనిడెస్మస్‌కు 4. ఆ జాబితాలో మైక్రోసిస్టిస్ పేరు వెతికితే దొరకదు. అప్పట్లో దాన్ని అనాసిస్టిస్ అనే పేరు కింద కలిపేశారు. తెట్టు ఎంత మందంగా పేరుకున్నా దానికి పడేది ఒక్క మార్కు.