పదిమంది కళ్ల ముందు పరిశోధన పత్రం: బహిరంగ సమీక్ష వెనుక చరిత్ర

2018 జూలైలో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన దేవ్ కుమార్ థాపా, అంశు పాండే తమ పరిశోధన పత్రాన్ని ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ భాండాగారంలో, అంటే సమీక్ష జరగకముందే పత్రాలను అందరికీ అందించే చోట, పెట్టారు. బంగారంలో వెండి నానోకణాలను పొదిగి తయారు చేసిన పదార్థం 236 కెల్విన్ల దగ్గర, అంటే దాదాపు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మామూలు వాతావరణ పీడనంలోనే అతివాహకంగా, అంటే కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిచ్చే పదార్థంగా, మారుతోందని అందులోని వాదన. విపరీతమైన చలీ, విపరీతమైన పీడనమూ అక్కర్లేని అతివాహకం కోసం భౌతిక శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వెతుకుతున్నారు కాబట్టి, ఆ పత్రాన్ని ప్రపంచమంతటా ఎందరో వెంటనే తెరిచి చదివారు.

అలా చదివిన వారిలో అమెరికాలోని ఎంఐటీలో అప్పుడు పనిచేస్తున్న బ్రయన్ స్కిన్నర్ ఒకరు. ఉష్ణోగ్రతతో పాటు పదార్థపు అయస్కాంత స్వభావం ఎలా మారుతోందో చూపే ఒక గ్రాఫు దగ్గర ఆయన ఆగిపోయారు. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో తీసిన కొలతలు అందులో వేర్వేరు రంగుల చుక్కలుగా ఉన్నాయి. ఏ కొలతలోనైనా చుక్కలు గీత మీద బుద్ధిగా కూర్చోవు. పరికరంలోని చిన్న చిన్న ఒడిదొడుకుల వల్ల కాస్త పైకీ కాస్త కిందికీ చెదురుతాయి. నాయిస్ అని పిలిచే ఈ చెదురుకు ఒక వరస ఉండదు, ఒక కొలతలో వచ్చినట్టే మరో కొలతలో రాదు. ఆ గ్రాఫులో మాత్రం ఆకుపచ్చ చుక్కలు ఎక్కడ ఎంత లేచాయో నీలం చుక్కలూ అక్కడ అంతే లేచాయి. ఒక వరసను కొంచెం జరిపితే రెండో దాని మీద అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. స్కిన్నర్ ఆ సంగతిని ఆగస్టులో చిన్న నోట్‌గా ఆర్కైవ్‌లోనే పెట్టి, ట్విట్టర్‌లో విడమరిచి చెప్పారు. మోసం జరిగిందని ఆయన అనలేదు. ఇలా ఎందుకు వచ్చిందో తనకు అర్థం కావడం లేదని మాత్రమే అన్నారు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ భౌతిక శాస్త్రవేత్త ప్రతాప్ రాయ్‌చౌధురి ఫేస్‌బుక్‌లో దీని గురించి వివరంగా రాశారు. ఒక పెద్ద శాస్త్రవేత్త పేరు పెట్టుకొని ఎవరో తనకు నకిలీ ఈమెయిలు పంపిన సంగతి కూడా ఆయన అక్కడే బయటపెట్టారు.

ఇదంతా ఏ జర్నల్ సంపాదకుడి గదిలోనూ జరగలేదు. ఒక పత్రం మంచిచెడ్డలను తేల్చవలసింది సంపాదకుడు, ఆయన ఎంచుకున్న ఇద్దరు ముగ్గురు అజ్ఞాత నిపుణులే అన్న ఏర్పాటుకు అలవాటుపడిన వారికి ఇది కట్టుతప్పినట్టు కనిపించింది. అయితే ఆ ఏర్పాటు మనం అనుకునేంత పాతది కాదు. 1665లో లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ అనే శాస్త్ర పత్రిక మొదలైనప్పుడు దేన్ని అచ్చువేయాలో దాని సంపాదకుడు హెన్రీ ఓల్డెన్‌బర్గ్ స్వయంగా చూసుకొనేవారు. 1953లో డీఎన్ఏ నిర్మాణం గురించి వాట్సన్, క్రిక్ రాసిన పత్రాన్ని నేచర్ పత్రిక బయటి నిపుణుల సమీక్ష లేకుండానే ప్రచురించింది. ప్రతి పత్రాన్నీ సమీక్షకు పంపాలన్న నియమాన్ని ఆ పత్రిక 1973లో గానీ పెట్టుకోలేదు.

ఈ అజ్ఞాత సమీక్ష చరిత్రలో 1936 నాటి ఐన్‌స్టైన్ ఉదంతం దగ్గర కాస్త ఆగాలి. గురుత్వ తరంగాలు లేవని తేల్చుతూ నాథన్ రోజెన్‌తో కలిసి రాసిన పత్రాన్ని ఆయన ఫిజికల్ రివ్యూ పత్రికకు పంపారు. సంపాదకుడు జాన్ టేట్ దాన్ని ఒక నిపుణుడికి పంపి, వచ్చిన విమర్శను జతచేసి తిప్పి పంపారు. అచ్చుకాకముందే తన పత్రాన్ని ఇతరులకు చూపించమని తాను చెప్పలేదంటూ ఐన్‌స్టైన్ కోపగించి దాన్ని వెనక్కి తీసుకున్నారు. నిజానికి ఆ విమర్శే సరైనది. రాసినవారు హోవర్డ్ రాబర్ట్‌సన్. ఆయన ఉండేది కూడా ఐన్‌స్టైన్ ఉన్న ప్రిన్స్‌టన్‌లోనే. తర్వాత ఐన్‌స్టైన్ సహాయకుడు లియోపోల్డ్ ఇన్‌ఫెల్డ్‌తో ఎదురెదురుగా కూర్చొని తప్పు ఎక్కడుందో రాబర్ట్‌సన్ చూపించారు, ఐన్‌స్టైన్ తన నిర్ణయాన్ని మార్చుకొని 1937లో మరో పత్రికలో ప్రచురించారు. పేరులేని ఉత్తరం చేయలేని పనిని ముఖాముఖి మాట చేసింది. శాస్త్ర విమర్శకు నిజమైన బలం అది ఎవరి చెవిన పడుతుందన్న దానిలో, వారు జవాబు చెప్పవలసి రావడంలో ఉందని ఈ వ్యాసకర్త నమ్మకం. తర్వాతి కథంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

1991లో పాల్ గిన్స్‌పార్గ్ అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో మొదలుపెట్టిన భాండాగారమే నేటి ఆర్కైవ్. సమీక్షకు ముందే పత్రం అందరికీ అందడం అలా భౌతిక శాస్త్రంలో మామూలైంది. బహిరంగ సమీక్షను నేచర్ కూడా 2006లో పరీక్షించి చూసింది: రచయితలు ఒప్పుకుంటే పత్రాన్ని ఇంటర్నెట్‌లో పెట్టి, ఎవరైనా పేరుతో వ్యాఖ్య రాయవచ్చని ఆహ్వానించింది. 1,369 పత్రాల రచయితలను అడిగితే 71 పత్రాల వారు ఒప్పుకున్నారు. వాటిలో 33 పత్రాలకు ఒక్క వ్యాఖ్యా రాలేదు. మిగిలిన 38కి కలిపి 92 వచ్చాయి. తలుపు తెరిచినంత మాత్రాన మనుషులు లోపలికి రారని, తోటివారిని నలుగురిలో విమర్శించడానికి శాస్త్రవేత్తలు జంకుతారని అప్పటికి తేలింది.

ఆ జంకును వదిలించినది 2010 డిసెంబరు. కాలిఫోర్నియాలోని మోనో సరస్సు నుంచి తెచ్చిన ఒక బాక్టీరియా భాస్వరం బదులు ఆర్సెనిక్‌ను వాడుకొని, దాన్ని తన డీఎన్ఏలో కూడా చేర్చుకుంటోందని ఫెలిసా వుల్ఫ్-సైమన్ బృందం సైన్స్ పత్రికలో ప్రకటించింది. నాసా పత్రికా సమావేశం పెట్టి మరీ చాటింది. కొద్ది రోజులకే కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ సూక్ష్మజీవ శాస్త్రవేత్త రోజీ రెడ్‌ఫీల్డ్ తన బ్లాగులో ఆ ప్రయోగాన్ని పంక్తి పంక్తీ పట్టి చూపించారు: బాక్టీరియాను పెంచిన ద్రావణంలోనే కొంత భాస్వరం కల్తీగా ఉంది, డీఎన్ఏను పరీక్షకు ముందు సరిగా కడగలేదు. ట్విట్టర్‌లో ఆర్సెనిక్ లైఫ్ అన్న హ్యాష్‌ట్యాగ్ కింద చర్చ హోరెత్తింది. విమర్శ కూడా పత్రంలాగే సమీక్ష జరిగిన జర్నల్ ద్వారా రావాలని రచయితలు అన్నారు, నాసా వారి పక్షాన నిలిచింది. 2011లో సైన్స్ ఎనిమిది విమర్శలను ప్రచురించింది. రెడ్‌ఫీల్డ్ మాటతో ఆగకుండా ఆ ప్రయోగాన్ని తానే తిరిగి చేస్తూ, ఏ రోజు ఏం కనిపించిందో అందరికీ కనిపించేలా రాస్తూ పోయారు. డీఎన్ఏలో ఆర్సెనిక్ లేదని ఆమె బృందమూ, విడిగా మరో బృందమూ 2012లో చూపించాయి. ఇంత జరిగినా అసలు పత్రం సైన్స్‌లో అలాగే ఉండిపోయింది. దాన్ని ఆ పత్రిక ఉపసంహరించినది 2025 జూలైలో. అది కూడా రచయితల అభ్యంతరం మధ్య, మోసం ఆరోపణ ఏదీ లేకుండా, ప్రయోగాలు ముఖ్యమైన నిర్ణయాలను బలపరచడం లేదన్న కారణంతో. తప్పును పట్టడానికి రోజులు చాలాయి, పత్రం పక్కన ఆ మాట రాయడానికి పద్నాలుగేళ్లకు పైగా పట్టింది.

ఈ ఎడాన్ని పూడ్చాలనే 2012లో పబ్‌పీర్ అనే వెబ్‌సైటు మొదలైంది. ప్రచురితమైన ఏ పత్రం కిందనైనా అక్కడ ప్రశ్న రాయవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు, రాసిన మాట పత్రానికి అంటుకొని ఉంటుంది. సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎలిజబెత్ బిక్ 2016లో సహచరులతో కలిసి 20,621 జీవశాస్త్ర పత్రాల్లోని చిత్రాలను కంటితో పరిశీలించి, 3.8 శాతంలో అనుమానించదగిన నకలు బొమ్మలున్నాయని తేల్చారు. ఆ తర్వాత ఆమె ట్విట్టర్‌లో అలాంటి చిత్రాలను పెట్టి, ఏది ఎక్కడ పునరావృతమైందో కనిపెట్టమని చదువరులను పిలిచేవారు. సమీక్షకు డిగ్రీ కన్నా ఓపికైన చూపు ముఖ్యమని వేలమందికి నేర్పినది ఆమే.

బహిరంగ సమీక్ష ఎంత త్వరగా పనిచేయగలదో మన దేశపు పత్రమే ఇంకోటి చూపింది. 2020 జనవరి 31న ఢిల్లీ ఐఐటీ, ఢిల్లీ విశ్వవిద్యాలయ కళాశాల పరిశోధకులు, కొత్త కరోనా వైరస్ ముల్లు ప్రోటీన్‌లోని నాలుగు చిన్న ముక్కలు హెచ్ఐవీ ప్రోటీన్లతో పోలుతున్నాయని జీవశాస్త్ర ప్రీప్రింట్ల భాండాగారమైన బయోఆర్కైవ్‌లో రాశారు. అంత పొట్టి ముక్కలు ఎన్నో జీవుల్లో యాదృచ్ఛికంగా దొరుకుతాయని నిపుణులు గంటల్లోనే ఎత్తిచూపారు. రచయితలు కుట్ర సిద్ధాంతాలకు ఊతమివ్వడం తమ ఉద్దేశం కాదంటూ ఫిబ్రవరి 2న పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. జర్నల్‌లో ఇది నెలల పని. అయితే ఆ రెండు రోజుల్లోనే వైరస్‌ను మనుషులే తయారు చేశారన్న ప్రచారానికి ఆ పత్రం సాక్ష్యమైపోయింది. దిద్దుబాటు చేరిన చోట్ల కన్నా వదంతి చేరిన చోట్లు ఎక్కువ.

గది ఉష్ణోగ్రతలోనే అతివాహకమన్న వాదనతో 2023లో దక్షిణ కొరియా నుంచి వచ్చిన ఎల్‌కే-99 అనే పదార్థం విషయంలోనూ ప్రపంచమంతా చూస్తుండగానే ప్రయోగాలు జరిగాయి. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో వీపీఎస్ అవానా బృందం ఆ పదార్థాన్ని తయారు చేసి, అతివాహకత కనిపించలేదని తెలిపింది. కొరియా కొలతల్లో 104 డిగ్రీల దగ్గర కనిపించిన హఠాత్తు మార్పు కాపర్ సల్ఫైడ్ అనే మలినానిదని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రశాంత్ జైన్ గుర్తించారు. నెల తిరగకముందే విషయం తేలిపోయింది.

ఇవన్నీ పేరుమోసిన పత్రాలు. 2006లో ఒక్క వ్యాఖ్యా రాని ఆ 33 వంటివే నేటికీ అత్యధికం, వాటి మీద ఎవరి చూపూ పడదు. దీనికి విరుగుడుగా ఈలైఫ్ పత్రిక 2023లో అంగీకారం, తిరస్కారం అన్న ముద్రలను తీసేసి, సమీక్షకు తీసుకున్న ప్రతి పత్రాన్నీ సమీక్షకుల మాటలతో కలిపి అందరికీ కనిపించేలా ప్రచురించడం మొదలుపెట్టింది. ఆ పద్ధతి కారణంగానే ఆ పత్రికకు ఇకపై ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక పత్రికలోని పత్రాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకించారో చెప్పే అంకె, ఇవ్వబోమని దాన్ని లెక్కగట్టే క్లారివేట్ సంస్థ 2024లో ప్రకటించింది. ఆ అంకెను చూసి ఉద్యోగాలు, పదోన్నతులు ఇచ్చే చోట ఒక యువ పరిశోధకురాలు తన పత్రాన్ని అలాంటి పత్రికకు పంపాలన్నా, తన పై ఆచార్యుడి గ్రాఫులో చుక్కలు ఒకేలా ఉన్నాయని సొంత పేరుతో రాయాలన్నా, ముందు తన బతుకుతెరువు సంగతి ఆలోచించుకోవలసి వస్తోంది. పబ్‌పీర్‌లో వ్యాఖ్యలు ఎక్కువగా పేరు లేకుండానే వస్తుండటానికి కారణం ఇదే.