పొలం లేనివాళ్ళ కోత పండుగ

ప్రియమైన పిల్లలకు,

పోయిన ఆదివారం ఆరాధన చివర్లో ప్రకటనలు చదువుతూ కోత పండుగ తేదీ చెప్పాను కదా, పంటలోంచి కొంత చర్చికి తెచ్చి దేవుని ముందు పెట్టే పండుగ. అప్పుడు వెనక జంపఖానా మీద కూర్చున్న మీలో ఒకడు పక్కవాడితో "మాకు పొలమే లేదు, మా నాన్న ఆటో తోలతాడు, మేమేం తేవాలిరా" అన్నాడు. మెల్లగానే అన్నాడు కానీ నాకు వినబడింది. గేటు దగ్గర ఆపి రెండు ముక్కలు చెప్పి పంపిద్దామనుకున్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే అది రెండు ముక్కల్లో అయ్యే సంగతి కాదనిపించింది. అందుకే రాస్తున్నాను. సండే స్కూల్ టీచరక్క దీన్ని ఫోటో తీసి మీ అందరికీ పంపుతానంది. ఆ మాట అన్న అబ్బాయి ఎవరో నేను చెప్పను, వాడు తప్పేమీ అనలేదు.

ముందు అసలు సంగతి చెప్తాను. మన సంఘం మొదలైన రోజుల్లో మన పెద్దవాళ్ళలో ఒక్కరికి కూడా సెంటు భూమి లేదు. ఊరి చివర వాడలో ఉండేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు, ఇంకొందరు రైతుల ఇళ్ళల్లో ఏడాది జీతానికి ఉండేవాళ్ళు. ఆ భూమి లేనివాళ్ళే మన చర్చిలో కోత పండుగ మొదలుపెట్టారు. మరి ఏం తెచ్చారు అంటే, పరిగె తెచ్చారు.

పరిగె అంటే మీకు తెలియదు, తెలిసే అవకాశం కూడా లేదు. ఇప్పుడు కోత మిషన్ వచ్చి గంటలో ఎకరం కోసి వడ్లు ట్రాక్టరులో పోసి వెళ్ళిపోతుంది. అప్పుడు కొడవలితో కోసి, పనలు కట్టి, మోసుకెళ్ళి కుప్ప వేసేవాళ్ళం. అంతా అయ్యాక మడిలో అక్కడక్కడా రాలిపోయిన వెన్నులు మిగిలేవి. వాటినే పరిగె అంటారు. ఆడవాళ్ళూ పిల్లలూ నడుము వంచి ఒక్కొక్క వెన్నూ ఏరి ఒడిలో వేసుకునేవాళ్ళు. కొందరు రైతులు ఏరుకోనిచ్చేవాళ్ళు, కొందరు తరిమేవాళ్ళు. పొద్దంతా ఏరితే ఒక పూట గంజికి సరిపడా గింజలొచ్చేవి. అందులోంచి కొన్ని తీసి కుండలో దాచి, పండుగ రోజు చర్చికి తెచ్చేవాళ్ళు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మ ఒక సత్తు గిన్నెలో సోలెడు పరిగె వడ్లు పోసి నా చేతికిచ్చింది. అప్పటికి మన సంఘంలో ఒకటి రెండు కుటుంబాలకు కాస్త భూమి వచ్చింది, వాళ్ళు గోనెసంచితో వడ్లు తెచ్చి ముందు పెట్టారు. ఇంకొకరు అరటి గెల తెచ్చారు, ఒకామె కాళ్ళు కట్టిన కోడిని తెచ్చింది. నాకు ఆ గిన్నె పట్టుకుని నడవాలంటే సిగ్గేసింది. తలుపు వెనక పెట్టేసి ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను. అప్పుడు మనకు ఒక ఉపదేశి గారు, అంటే ఊళ్ళోనే ఉండి వాక్యం చెప్పి ప్రార్థనలు నడిపే ఆయన, ఉండేవారు, ఒక కన్ను సరిగ్గా కనపడేది కాదు, కానీ ఆ గిన్నె మాత్రం కనపడింది. ఆయన దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద, సంచి ముందు, సరిగ్గా మధ్యలో పెట్టారు. ఎవరిదని అడగలేదు. నన్ను చూడలేదు కూడా. మా అమ్మ మాత్రం ఇంటికెళ్ళాక నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రూతు కథ మీలో చాలామందికి కంఠతా వచ్చు. మోయాబు దేశం పిల్ల, భర్త పోయాడు, అత్తతో పాటు బేత్లెహేముకు వచ్చింది, యవల కోత కాలం. ఆమె బోయజు పొలంలో చేసిన పని ఏమిటి? పరిగె ఏరుకోవడం. మన తెలుగు బైబిల్లో ఆ మాటే ఉంటుంది, చూడండి. ఇప్పటి పిల్లలు ఆ మాట మీదుగా చదువుకుంటూ పోతారు, మా అమ్మకైతే ఆ మాట దగ్గర కళ్ళు తడిసేవి. మోషే ధర్మశాస్త్రంలో పొలం ఉన్నవాడికి ఒక ఆజ్ఞ ఉంది. చేను కోసేటప్పుడు అంచులు పూర్తిగా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అవి పేదవాళ్ళకూ పరదేశులకూ వదిలేయాలి. లేవీయకాండం 19వ అధ్యాయంలో ఒకసారి, 23వ అధ్యాయంలో మళ్ళీ ఒకసారి ఉంటుంది. అంటే పరిగె దయతో పడేసిన ముష్టి కాదు, ఏరుకునేవాళ్ళ హక్కు. ఇది మా అమ్మకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెప్తున్నాను. ఆ రూతు ముని మనవడే దావీదు రాజు. ఆమె పరిగె ఏరిన బేత్లెహేములోనే యేసు ప్రభువు పుట్టాడు.

అందుకే ఈసారి క్రిస్మస్ నాటికలో మొదటి రంగం రూతుది పెడదామని నేను కమిటీలో అడిగాను, ఒప్పుకున్నారు. ఏటా గొర్రెల కాపరులూ జ్ఞానులూ, అవే తలపాగాలు, అవే దుప్పట్లు. అవి ఉంటాయి, తీసేయం. కానీ ముందు ఒక ఆడపిల్ల వంగి వెన్నులు ఏరుతూ కనపడాలి. నిజం వరి వెన్నులే తెస్తాను. రిహార్సల్ శుక్ర, శనివారాలు సాయంత్రం ఆరున్నరకు, మీ ట్యూషన్ అయిపోయాక. పదో తరగతి వాళ్ళు టెన్షన్ పడకండి, మీకు ఎక్కువ డైలాగులు ఇవ్వను, వారానికి ఒక్కసారి వస్తే చాలు.

ఇక ఇవ్వడం గురించి. మీ నాయనమ్మలూ అమ్మమ్మలూ వంటకు బియ్యం కొలిచేటప్పుడు అందులోంచి గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేయడం చూశారా? ఇప్పుడు మన సంఘంలో ఏడెనిమిది ఇళ్ళల్లోనే మిగిలింది. ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉండేది. ఉన్నదాంట్లోంచి కొంత పక్కన పెట్టి వండుకోవడం అది, ఎక్కువై తీసింది కాదు. ఆదివారం ఆ బియ్యం అన్నీ ఒక గంపలో పోస్తే, అందులోంచే ఉపదేశి గారి ఇంటికి, దిక్కులేని ముసలివాళ్ళకు వెళ్ళేవి. ఇప్పుడు స్త్రీల సమాజం వాళ్ళు ఆ బియ్యంతో ప్రేమ విందుకు, అంటే సంఘమంతా కలిసి తినే భోజనానికి, అన్నం వండుతున్నారు. మీరు తినే ఆ అన్నంలో ఒక్కొక్క ఇంటి బియ్యం కలిసి ఉంటుంది, సన్నవీ దొడ్డువీ కలిసి అన్నం ఒకేలా ఉడకదు, పలుకు తగిలిందని విసుక్కోకండి.

ఇలా తన సంఘాన్ని తానే పోషించుకోవాలని మన ప్రాంతంలో గట్టిగా నేర్పినవాళ్ళలో బిషప్ అజరయ్య గారు ముఖ్యులు. ఆయన తమిళుడు, తిరునెల్వేలి వైపు ఆయన. అక్కడి క్రైస్తవులు 1903లో తమ సొంత డబ్బుతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు, దాని తరఫున అజరయ్య గారు 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీదా సైకిల్ మీదా మనలాంటి పల్లెలు తిరిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చికి చెందిన సంఘంలో, బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. దానికి రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ సభ జరిగితే, అంతమంది తెల్లదొరల ముందు నిలబడి, మీరు మాకు ఎంతో ఇచ్చారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. పైనుంచి ఇచ్చేవాడు, కింద చేయి చాచేవాడు అన్న తీరు ఆయనకు నచ్చలేదు. మన పేద సంఘాలు కూడా ఇచ్చే సంఘాలు కావాలని ఆయన పట్టు. నాకు ఆయన మీద ఇంత గౌరవం ఎందుకంటే, వాళ్ళు పేదవాళ్ళు, వాళ్ళనేం అడుగుతాం అని ఆయన మనల్ని పక్కన పెట్టలేదు.

జనవరిలో, సంక్రాంతి సెలవులకు ముందు వచ్చే శనివారం, మిమ్మల్ని డోర్నకల్ తీసుకెళ్తున్నాం. అక్కడ అజరయ్య గారు కట్టించిన కథీడ్రల్‌ను, అంటే బిషప్ గారి పెద్ద చర్చిని, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. జనవరి 6 అంటే జ్ఞానులు వచ్చిన పండుగ, ఎపిఫనీ, గుడి పేరు కూడా అదే. బయటి నుంచి చూస్తే గుమ్మటాలు మసీదును గుర్తు చేస్తాయి, లోపలికెళ్తే రాతి స్తంభాలు దేవాలయ మండపంలా ఉంటాయి. మన దేశంలో పుట్టిన గుడి మన దేశంలానే కనపడాలని అలా కట్టించారు. అందరం ప్యాసింజరు రైల్లో వెళ్దాం, అన్నం డబ్బాలు ఇంటి నుంచే. చార్జీ ఇవ్వలేని ఇళ్ళు ఉంటే మీ అమ్మను నాతో ఒక మాట చెప్పమనండి, ఎవరికీ తెలియనివ్వను.

మళ్ళీ కోత పండుగకు వస్తాను. నవంబరు మూడో ఆదివారం. ఆ రోజు మన పాస్టరు అయ్యగారే వస్తారు. పాస్టరేటులో, అంటే ఆయన కింద ఉన్న సంఘాల్లో, అన్ని ఊళ్ళూ ఆయనొక్కరే చూడాలి కాబట్టి మనకు నెలకు రెండు ఆదివారాలే దొరుకుతారు, ఈసారి పండుగకు కుదిరింది. మొదటి గంట ఎనిమిదిన్నరకు, రెండోది తొమ్మిదికి. ఆ వారం గంట కొట్టే వంతు ఏడో తరగతి వాళ్ళది. ఆరాధనలో తెచ్చినవన్నీ ముందు పెడతాం, ప్రార్థన చేస్తాం, ప్రభు బల్ల సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం, అయ్యాక బయట వేప చెట్టు కింద వేలం.

వేలం ఎందుకు అని పోయిన ఏడాది ఒక పాప అడిగింది. మంచి ప్రశ్న. గుమ్మడికాయ, గోంగూర కట్ట, కోడి, వీటితో చర్చి కప్పు బాగు చేయించలేం కదా. అందుకని వాటిని మనమే కొనుక్కుంటాం, ఆ డబ్బు సంఘానికి. బజారులో యాభై రూపాయల గుమ్మడికాయను ఒకాయన మూడు వందలకు పాడతాడు, పాడి మళ్ళీ తిరిగి ఇచ్చేస్తాడు, దాన్నే ఇంకొకరు పాడతారు. అలా ఒక్క కాయ నాలుగు చేతులు మారుతుంది. మీకు అది ఆటలా ఉంటుంది, నాకూ ఆ గంట చాలా ఇష్టం. కానీ ఒక విషయంలో నాకు బాధ ఉంది. కొన్నేళ్ళుగా అది పంతాల పాటగా మారింది, ఫలానావారు ఐదు వేలు అని మైకులో అరవడం, ఇంకొకరు మొహం మాడ్చుకుని ఇంటికి పోవడం. ఈ ఏడాది మైకులో పేర్లు చెప్పకూడదని పెద్దలం అందరం కూర్చుని నిర్ణయించాం. ఎవరు ఎంతకు పాడారో పుస్తకంలో రాస్తాం, అంతే. కొందరికి నచ్చలేదు. నేను మాత్రం వెనక్కి తగ్గను. వచ్చిన డబ్బులో పాస్టరేటు వాటా పోను, మొదట వానకు కారుతున్న దక్షిణం వైపు రేకులు మార్పిస్తాం, మిగిలింది ముగ్గురు వితంతువుల ఇళ్ళకు.

ఇప్పుడు ఆటో అబ్బాయికి. నాన్నా, నువ్వు గుమ్మడికాయ కొనుక్కొచ్చి పెట్టనక్కర్లేదు. మన వాడలో నడవలేని పెద్దమ్మలు ముగ్గురున్నారు, ఏడాదిగా చర్చి గడప తొక్కలేదు. ఆ ఆదివారం పొద్దున మొదటి ట్రిప్పు వాళ్ళను తీసుకురావడానికి ఇవ్వగలడేమో మీ నాన్నను అడుగు. ఆయనకు కుదరకపోతే బలవంతం లేదు, ఆయన కష్టం ఆయనది. కుదిరితే నువ్వు ఆటోలో కూర్చుని వాళ్ళ చేయి పట్టుకుని దింపాలి. మీ ఇంటి మొదటి పంట అదే. మిగతావాళ్ళకు కూడా ఇదే మాట. పెరట్లో కుండీలో కొత్తిమీర ఉంటే అది, కుట్టు మిషను ఉన్న ఇంటివాళ్ళు ఒక చేతిసంచి, మీ అన్న హైదరాబాదులో పని చేస్తుంటే వాడి చేత ఆ రోజు సంఘంలో ఒక ముసలాయనకు ఒక ఫోను చేయించండి. మీ చేతిదో మీ ఇంటి కష్టానిదో అయి ఉండాలి, అంతవరకే నా షరతు.

ఆ తర్వాతివి మీకు తెలిసినవే. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం, వారానికి ఒక కొవ్వొత్తి. డిసెంబరు పదిహేను నుంచి కేరల్స్, ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడడం. డోలక్, తాళాలు చాలు, పెద్ద సౌండ్ బాక్సులు వద్దు, ఊళ్ళో పసిపిల్లలూ జబ్బు మనుషులూ ఉంటారు. మన మతం కాని ఇళ్ళవాళ్ళు పిలిచి టీ ఇస్తే కూర్చుని తాగి రండి, పిలవకపోతే తలుపు కొట్టకండి. 31 రాత్రి ఆరాధనకు పదిన్నరకల్లా రావాలి, కొత్త ఏడాదికి ఒక్కొక్కరికి ఇచ్చే బైబిలు వాగ్దాన వచనాల కార్డులు ఈసారి మీరే చేత్తో రాయాలి, అచ్చు కార్డులు తెప్పించడం లేదు.

అన్నిటికంటే ముందు వచ్చేది నవంబరు 2, సమాధుల పండుగ. ముందు రోజు మధ్యాహ్నం మూడింటికి సమాధుల దొడ్డి శుభ్రం చేయాలి. అక్కడ రాయి ఉన్న సమాధులు తక్కువ. చెక్క సిలువలు పెడితే చెదలు తినేశాయి, మట్టి దిబ్బలే మిగిలాయి. మా అమ్మది కూడా చింతచెట్టుకు తూర్పున నాలుగోది, రాయి లేదు. ఏ దిబ్బ ఎవరిదో తెలిసినవాళ్ళం ఇప్పుడు నలుగురైదుగురమే ఉన్నాం. అందుకని ఈ ఏడాది మీతో ఒక పని చేయిస్తాను. ఒకరు పెద్ద కాగితం మీద దొడ్డి పటం గీయాలి, మిగతావాళ్ళు మమ్మల్ని అడుగుతూ ఒక్కొక్క దిబ్బకు నంబరు వేసి పేరు, ఆ మనిషి ఏం పని చేసేవారో ఒక ముక్క రాయాలి.

కాళ్ళకు బూట్లు వేసుకోండి, పిచ్చి మొక్కల్లో పురుగూ పుట్రా ఉంటాయి. పాత బట్టలు, ఒక నోటు పుస్తకం, పెన్సిలు. సున్నం, బకెట్లు నేను తెస్తాను. చీపుర్లు మీ ఇళ్ళ నుంచి.

మీ తాతయ్య