11.3 శాతం ఓట్లు, రెండు మంత్రిత్వ శాఖలు

జర్మనీలో ‘బ్రాండ్‌మౌవర్’ మీద వాదం మళ్లీ రాజుకుంది. పక్కింటి మంట మన ఇంటికి అంటుకోకుండా కట్టే గోడకు జర్మన్ భాషలో ఆ పేరు. తీవ్ర మితవాద పక్షమైన ఆల్టర్నేటివ్ ఫర్ జర్మనీ (ఏఎఫ్‌డీ) పార్టీతో చేతులు కలపరాదని మిగిలిన ప్రధాన పార్టీలు పెట్టుకున్న కట్టుబాటును రాజకీయాల్లో అలా పిలుస్తున్నారు. 2025 జనవరి 29న క్రిస్టియన్ డెమోక్రాట్ల నాయకుడు ఫ్రీడ్రిష్ మెర్జ్ వలసల కట్టడిపై తెచ్చిన తీర్మానం ఏఎఫ్‌డీ ఓట్ల అండతో 348–345 తేడాతో నెగ్గింది. మరుసటి నెల ఎన్నికల్లో ఆ పార్టీ 20.8 శాతం ఓట్లు తెచ్చుకుని రెండో స్థానానికి చేరింది. అంతమంది ఓటర్లను అంటరానివారిగా చూడడం ప్రజాస్వామ్యమేనా అని ఆ పార్టీ అడుగుతోంది. అధికారం చేతికిస్తే దాని డొల్లతనం బయటపడుతుందని వాదించేవారు ఆ పార్టీ బయట కూడా ఉన్నారు.

ఈ వాదం వచ్చిన ప్రతిసారీ హిట్లర్ రాకకు ముందు జర్మనీలో నడిచిన ప్రజాస్వామ్యం, వైమర్ రిపబ్లిక్ పేరు వినిపిస్తుంది. వర్సాయ్ సంధి, 1923 నాటి ద్రవ్యోల్బణం, ఆ తర్వాతి మాంద్యం పాఠకులకు తెలిసినవే కనుక వాటిని ఇక్కడ తిరగదోడడం లేదు. నేటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే ఘట్టం బెర్లిన్‌లో కాక తురింగియా రాష్ట్రంలో, 1930 జనవరిలో జరిగింది.

1929 డిసెంబరులో జరిగిన తురింగియా ఎన్నికల్లో నాజీలకు 11.3 శాతం ఓట్లు, 53 స్థానాల శాసనసభలో ఆరు స్థానాలు వచ్చాయి. అన్నిటికన్నా పెద్ద పక్షమైన సోషల్ డెమోక్రాట్లతో కలవడం రైతుల పార్టీ లాండ్‌బుండ్‌కు గానీ, వ్యాపార వర్గాల పార్టీలకు గానీ ఇష్టం లేదు. సోషల్ డెమోక్రాట్లను పక్కన పెడితే ఆ ఆరుగురు నాజీలు లేకుండా లెక్క కుదరదు. ఆ సంగతి హిట్లర్‌కు బాగా తెలుసు. ఫిబ్రవరి 2 నాటి లేఖలో తామిప్పుడు తురింగియాలో నిర్ణాయక శక్తి అయ్యామని రాసుకున్నాడు కూడా. అతడు ముఖ్యమంత్రి పదవి అడగలేదు, హోంశాఖనూ విద్యాశాఖనూ అడిగాడు. మొదటి దానితో పోలీసులు, ఉద్యోగుల నియామకాలు వస్తాయి, రెండో దానితో బడులు, విశ్వవిద్యాలయం వస్తాయి. ఆ రెండింటికీ అతడు ఎంచిన మనిషి విల్హెల్మ్ ఫ్రిక్. మ్యూనిక్ పోలీసు అధికారిగా ఉంటూనే 1923లో హిట్లర్ చేసిన తిరుగుబాటుకు తోడ్పడి శిక్ష పడినవాడు కాబట్టి, వ్యాపార వర్గాల పార్టీల్లో ఒకటైన జర్మన్ పీపుల్స్ పార్టీ మొదట అభ్యంతరం చెప్పింది. హిట్లర్ స్వయంగా అప్పటి తురింగియా రాజధాని వైమర్‌కు వచ్చి, మళ్లీ ఎన్నికలు పెట్టిస్తానని బెదిరించి, స్థానిక పారిశ్రామికవేత్తలను కూడగట్టిన తర్వాత ఆ అభ్యంతరం కరిగిపోయింది. జనవరి 23న ఫ్రిక్ మంత్రి అయ్యాడు. జర్మనీలో ఒక రాష్ట్ర మంత్రివర్గంలో నాజీ కూర్చోవడం అదే మొదటిసారి.

ఆ పద్నాలుగు నెలల్లో ఏం జరిగిందో తరగతి గదిలోంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. 1930 ఏప్రిల్‌లో ఫ్రిక్ బడి పిల్లల కోసం ఐదు ప్రార్థనలు సిఫారసు చేశాడు. దేశాన్ని మోసం నుంచి, ద్రోహం నుంచి విముక్తం చేయమని పసివాళ్లు చేతులు జోడించి దేవుణ్ని వేడుకోవాలి. ఆ ద్రోహులెవరో పెద్దలు విప్పి చెప్పనక్కరలేదు. వాటిలో మూడు రాజ్యాంగ విరుద్ధమని లైప్‌జిగ్‌లోని రాజ్యాంగ న్యాయస్థానం ఆ జూలైలో తేల్చింది. అయినా యేనా విశ్వవిద్యాలయంలో, ఆచార్యుల వ్యతిరేకతను తోసిపుచ్చి, జాతి సిద్ధాంతాల రచయిత హాన్స్ గుంథర్‌కు పీఠం కట్టబెట్టారు. అతని తొలి ఉపన్యాసానికి హిట్లర్ హాజరయ్యాడు. వైమర్ కోటలోని ప్రదర్శనశాల గోడల మీద నుంచి ఆధునిక చిత్రకారులు క్లే, కాండిన్‌స్కీల చిత్రాలను దించేశారు.

కేంద్రం చూస్తూ ఊరుకోలేదు. హోంమంత్రి కార్ల్ జెవెరింగ్, సోషల్ డెమోక్రాట్, మార్చిలో తురింగియా పోలీసులకు ఇచ్చే నిధులను ఆపేశారు. అయితే అదే నెల 27న, నిరుద్యోగ బీమా చందా మీద రాజీ కుదరక, ఆయన ఉన్న హెర్మన్ ముల్లర్ ప్రభుత్వమే పడిపోయింది. సెప్టెంబరులో జరిగిన దేశ పార్లమెంటు ఎన్నికల్లో నాజీలు 12 స్థానాల నుంచి 107కు ఎగబాకారు. నిరుద్యోగమే దీనికి ప్రధాన కారణమన్న మాట నిజమే. కానీ అంతకు ఎనిమిది నెలల ముందే మర్యాదస్తుల పార్టీలు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్లకు ఓటు వేయడం తప్పేమీ కాదని చెప్పకనే చెప్పాయన్న సంగతిని ఎందుకు పక్కన పెట్టాలి?

మరొక విషయం ఇంకా సూటిగా ఉంటుంది. హిట్లర్‌కు అప్పటికి జర్మన్ పౌరసత్వం లేదు, అది లేనిదే అధ్యక్ష పదవికి నిలబడలేడు. ప్రభుత్వోద్యోగం దొరికితే పౌరసత్వం దానంతటదే వస్తుంది. 1930లోనే ఫ్రిక్ అతణ్ని హిల్డ్‌బుర్గ్‌హౌజెన్ అనే చిన్న పట్టణంలో పోలీసు అధికారిగా నియమిస్తూ పత్రం రాసిచ్చాడు. అది చెల్లుబాటు కాలేదు. 1932 ఫిబ్రవరిలో, నాజీలు సంకీర్ణంలో భాగస్వాములుగా ఉన్న మరో చిన్న రాష్ట్రం బ్రౌన్‌ష్వైగ్ అతనికి ఉద్యోగమిచ్చింది. మార్చి 13న అతడు అప్పటి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ మీద అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేశాడు. ఆ అర్హత జనం ఓటుతో వచ్చింది కాదు, సంకీర్ణ భాగస్వాములు కల్పించినది.

1931 ఏప్రిల్ 1న అవిశ్వాస తీర్మానంతో ఫ్రిక్‌ను దించేశారు కదా, అంటే వ్యవస్థ పనిచేసినట్టే కదా అని గోడ వద్దనేవారు అంటారు. దించిన మాట వాస్తవం. అయితే పదహారు నెలలు తిరక్కుండానే, 1932 జూలై 31న, అదే తురింగియాలో నాజీలకు 42.5 శాతం ఓట్లు వచ్చాయి. ఆగస్టులో వాళ్ల నాయకుడు ఫ్రిట్జ్ సౌకెల్ రాష్ట్ర ప్రభుత్వాధినేత అయ్యాడు. అధికారం వాళ్లను పలచన చేయలేదు.

తురింగియన్లు ఇది మరిచిపోలేదు. 2020 ఫిబ్రవరి 5న ఇప్పటి రాష్ట్ర రాజధాని ఎర్ఫుర్ట్‌లోని శాసనసభలో ఫ్రీ డెమోక్రాట్ థామస్ కెమ్మెరిష్ ఏఎఫ్‌డీ ఓట్లతో, ఒక్క ఓటు ఆధిక్యంతో ముఖ్యమంత్రిగా ఎన్నికైనప్పుడు, అభినందించడానికి తెచ్చిన పూలగుత్తిని వామపక్ష నాయకురాలు సుజానే హెన్నిగ్-వెల్సో ఆయన కాళ్ల దగ్గర పడేసి వెళ్లిపోయారు. దేశమంతటా నిరసన వెల్లువెత్తగా కొద్ది రోజుల్లోనే ఆయన రాజీనామా చేశారు. 2024 సెప్టెంబరులో అక్కడ ఏఎఫ్‌డీ 32.8 శాతంతో మొదటి స్థానంలో నిలిచినా మంత్రివర్గంలోకి ఎవరూ రానివ్వలేదు.

ఫ్రిక్ కథ 1931తో ముగియలేదు. 1933 జనవరి 30న ఏర్పడిన మంత్రివర్గంలో హిట్లర్ కాక నాజీలు ఇద్దరే. సంప్రదాయవాద భాగస్వాములు తామే ఎక్కువమందిమి, కట్టడి చేయగలమనుకున్నారు. ఆ ఇద్దరిలో ఒకడైన ఫ్రిక్‌కు మళ్లీ హోంశాఖే దక్కింది, ఈసారి దేశమంతటికీ. పౌరహక్కులను రద్దు చేసిన ఫిబ్రవరి 28 నాటి అత్యవసర శాసనం కింద అతని సంతకం ఉంది.