బురద చూడని ఆఫ్‌రోడ్ బండ్లు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్ల రిపేరు నా వృత్తి. ట్రాన్స్‌ఫర్ కేసులు (ఇంజన్ బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ పెట్టెలు), డిఫరెన్షియళ్లు (మలుపులో చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు), సస్పెన్షన్ పనులే ఎక్కువ చేస్తాను. లిఫ్ట్ మీదికి ఎక్కించి కింద లైటు వేసి చూస్తే బండి ఎక్కడెక్కడ తిరిగిందో తెలిసిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాటిలో చాలా బండ్లకు కింద రోడ్డు దుమ్ము తప్ప ఇంకేమీ ఉండదు. కొండలెక్కడానికి, వాగులు దాటడానికి తయారైన బండ్లు ఆఫీసుకూ బడికీ తిరుగుతుంటాయి. వాటి ఓనర్లను వెక్కిరించేవాళ్లు ఒకవైపు, ఆ బండి ఉంటే ఏ భయమూ లేదనుకునే ఓనర్లు ఇంకోవైపు. ఇద్దరి మాటల్లోనూ తప్పులున్నాయి.

నా లెక్కలో సిటీ మనిషి నిజంగా డబ్బు పెట్టి కొంటున్నది ఎత్తు. ఫోర్ వీల్ డ్రైవ్ దానితో పాటు వచ్చే వస్తువు, చాలాసార్లు అదీ రాదు. లాభాలూ నష్టాలూ చాలావరకు ఆ ఎత్తు దగ్గరే మొదలవుతాయి.

అపోహ: సిటీలో ఆఫ్‌రోడ్ బండి కొనేది గొప్ప కోసమే

గొప్ప అసలు లేదని అనను. పైన క్యారియర్, దాని మీద ఇంతవరకూ మట్టి తగలని పార, ముందు వించ్ (ఇరుక్కున్న బండిని లాగే మోటారు) ఉన్న బండ్లు నాకూ వస్తాయి. కానీ "ఇదే ఎందుకు తీసుకున్నారు?" అని అడిగితే ఎక్కువగా వినిపించే జవాబు మోకాళ్ల గురించి. సెడాన్ సీటులోకి కిందికి వాలి కూర్చోవాలి, దిగేటప్పుడు చేతులు ఊని లేవాలి. సీటు నడుము ఎత్తులో ఉంటే పక్కకు జరిగి కూర్చుంటే చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, తుంటి ఆపరేషన్ అయినవాళ్లకు, చంటిపిల్లను వెనక సీటులో కట్టడానికి రోజూ నడుం వంచే తల్లికి ఇది చిన్న విషయం కాదు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ సుఖం దొరికేది కారుకూ ఆఫ్‌రోడర్‌కూ మధ్యరకమైన క్రాసోవర్ బండ్లలో. అసలైన ఆఫ్‌రోడర్లలో చాలావాటికి ఛాసీ అనే విడి ఉక్కు చట్రం మీద బాడీ కూర్చుంటుంది కాబట్టి ఫ్లోర్ ఇంకా పైకి పోతుంది. అందులోకి జరిగి కూర్చోవడం కుదరదు, ఎక్కాల్సిందే. అమ్మానాన్నల కోసమని అలాంటి బండి కొని, తర్వాత ఫుట్‌బోర్డులు పెట్టించుకోవడానికి వచ్చేవాళ్లు చాలామంది. ఆ ఫుట్‌బోర్డు పెడితే రాళ్ల మీద వెళ్లేటప్పుడు మొదట తగిలేది అదే. అంటే ఆఫ్‌రోడ్‌కు పనికొచ్చే గుణాన్ని కొంత తగ్గించుకుని సిటీకి సర్దుకున్నట్టు.

రెండో కారణం రోడ్లు. గుంతలకూ ఫుట్‌పాత్ అంచులకూ మామూలు కారు కింది భాగం తగలడం ఒక సమస్య. అంతకంటే పెద్ద సమస్య టైర్లది. ఈ రోజుల్లో కార్లకు పెద్ద రిమ్ము, పక్కగోడ సన్నగా ఉండే టైరు ఇస్తున్నారు. పదునైన గుంతలో పడితే పక్కగోడ నలిగి ఉబ్బుతుంది, రిమ్ము వంగుతుంది. పక్కగోడ ఎత్తుగా ఉన్న టైరు అదే దెబ్బను మింగేస్తుంది. కాబట్టి "మా ఏరియా రోడ్లకు ఇదే కరెక్ట్" అన్నవాళ్లను నేను కొట్టిపారేయను. కాకపోతే షోరూమ్‌లో అందంగా ఉందని అదే బండికి 20, 21 అంగుళాల రిమ్ములు ఎంచుకుంటే ఆ లాభం అక్కడే పోయింది.

మూడోది, ఇంట్లో ఒకటే బండి. ఏడాదిలో ఎక్కువ రోజులు సిటీలోనే తిరుగుతుంది, సెలవుల్లో మాత్రం మంచుకో కొండకో మట్టిదారికో పోవాలి. ఆ కొద్ది రోజులకు బండి అద్దెకు తీసుకోవడం చవకని లెక్కలు చెప్పవచ్చు. కానీ కావాలనుకున్న రోజున బయల్దేరగలగడానికి మనుషులు విలువ కడతారు. అది వాళ్ల ఇష్టం, అందులో నాకు తప్పేమీ కనిపించదు.

ఇక కొనేవాడి చేతిలో లేని కారణం ఒకటుంది. అమెరికాలో 1975 చట్టంతో మైలేజ్ నిబంధనలు వచ్చినప్పుడు, ఇలాంటి బండ్లను కార్ల కింద కాకుండా తేలికపాటి ట్రక్కుల కింద లెక్కగట్టారు. ట్రక్కులకు నిబంధన సడలింపుగా ఉండేది. కంపెనీలకు అటువైపు పోవడమే లాభమైంది. 2018లో ఫోర్డ్ ఉత్తర అమెరికాలో మస్టాంగ్, ఫోకస్ యాక్టివ్ అనే క్రాసోవర్ తప్ప తన కార్లన్నీ క్రమంగా ఆపేస్తానని ప్రకటించింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల్లో 2023లో ప్రపంచమంతటా అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు సగం ఎస్‌యూవీలే. షోరూమ్‌లో ఉన్నవి ఎక్కువగా ఎత్తు బండ్లే అయినప్పుడు, కొన్నవాణ్ణి మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు.

అపోహ: ఎత్తుగా బరువుగా ఉంటే సేఫ్

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. సగం నిజం కావడమే దీని ప్రమాదం. రెండు బండ్లు గుద్దుకుంటే బరువైన బండిలో ఉన్నవాళ్లకు దెబ్బ తక్కువ తగులుతుంది, అది భౌతికశాస్త్రం. కానీ ప్రమాదాలన్నీ తేలికైన బండితోనే జరగవు. చెట్టు, గోడ, లారీ కూడా ఉంటాయి. అసలు ఏమీ గుద్దుకోకుండానే బండి బోల్తా పడవచ్చు.

బోల్తా పడే గుణాన్ని కొలవడానికి తేలికైన లెక్క ఒకటుంది: రెండు చక్రాల మధ్య వెడల్పులో సగాన్ని, బండి గరిమనాభి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దానితో భాగించడం. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ లెక్క ప్రకారం మామూలు కార్లకు ఇది 1.30 నుంచి 1.50 దాకా వస్తుంది. ఎత్తు బండ్లకు 1.00 నుంచి 1.30 దాకా. సంఖ్య ఎంత తగ్గితే బోల్తా అంత సులభం. క్యారియర్ మీద టెంటు, నాలుగు పెట్టెలు, ఇంకో స్టెపినీ ఎక్కించారంటే గరిమనాభి మరికాస్త పైకి పోయినట్టే.

ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ వచ్చాక పరిస్థితి చాలా మెరుగైంది, ఒప్పుకుంటాను. బండి అదుపు తప్పబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి సరిచేస్తుంది. అమెరికాలో 2012 మోడళ్ల నుంచి అన్ని కొత్త కార్లకూ ఇది తప్పనిసరి. పాత ఆఫ్‌రోడర్ మీద మోజుతో 1990ల నాటి బండి కొనేవాళ్లు మాత్రం ఇది లేని బండి నడుపుతున్నామని గుర్తుపెట్టుకోవాలి. అలాంటి బండిని సెడాన్ తిప్పినట్టు మలుపు తిప్పకూడదు.

బండి బయట ఉన్నవాళ్ల సంగతి ఇంకోటి. నిటారుగా, ఎత్తుగా ఉన్న బానెట్ పెద్దవాళ్ల ఛాతీకి, చిన్నపిల్లల తలకి తగులుతుంది. కారు బానెట్ అయితే కాళ్లకు తగిలి మనిషి దాని మీద పడతాడు. అమెరికాలో హైవే భద్రతపై పనిచేసే బీమా సంస్థల ఇన్‌స్టిట్యూట్ 2023లో ఒక అధ్యయనం ఇచ్చింది. పాదచారిని గుద్దినప్పుడు, 40 అంగుళాలకు మించిన బానెట్ ఉన్న బండి ప్రాణం తీసే అవకాశం, 30 అంగుళాలో అంతకంటే తక్కువో ఉండి ముందుకు వాలిన బానెట్ ఉన్న బండితో పోలిస్తే సుమారు 45 శాతం ఎక్కువ అని అందులో తేలింది. డ్రైవర్ సీటులో కూర్చుంటే దూరం బాగా కనిపిస్తుంది, కానీ బంపర్ ముందు నిలబడ్డ చిన్నపిల్ల కనిపించదు. సిటీలో ఈ బండ్లకు నేను మొదట పెట్టించమనే యాక్సెసరీ ముందు కెమెరా. వించ్ తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే వానలో జారదు

ఫోర్ వీల్ డ్రైవ్ కదలడానికి సాయం చేస్తుంది, ఆగడానికి కాదు. బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. తడి రోడ్డు మీద ఆపేది టైరు. అరిగిన టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ కంటే మంచి టైర్లున్న టూ వీల్ డ్రైవే ముందు ఆగుతుంది.

అపోహ: ఎస్‌యూవీ అంటే ఆఫ్‌రోడ్ బండే

బయటి ఆకారం చూసి చెప్పలేం. 1984లో జీప్ చెరోకీ విడి ఛాసీ లేకుండా కారులా ఒకే బాడీతో వచ్చింది, అయినా గట్టి ఆఫ్‌రోడరే. 1994లో టయోటా రావ్4 కారు భాగాల మీద కట్టిన ఎత్తు బండిగా వచ్చింది. ఇప్పుడు రోడ్డు మీద కనిపించేవాటిలో ఎక్కువ ఆ రెండో దారిలో వచ్చినవే, అంటే క్రాసోవర్లే. వాటిలో చాలా మోడళ్లు టూ వీల్ డ్రైవ్‌లోనూ అమ్ముతారు. పేరులో, వెనక బ్యాడ్జీలో ఎన్ని కొండలున్నా సరే.

తేడా తెలియాలంటే లో రేంజ్ అనే అదనపు గేరు ఉందా అని చూడండి. లో రేంజ్‌లో చక్రాలు రెండున్నర నుంచి నాలుగు రెట్లు నెమ్మదిగా తిరుగుతాయి, బలం ఆ మేరకు పెరుగుతుంది. రాళ్ల మీద, నిటారు దిగుడులో పనికొచ్చేది అదే. క్రాసోవర్‌లో వెనక చక్రాలకు పవర్ పంపేది సాధారణంగా ఒక క్లచ్. ఇసుకలో కాసేపు గింజుకుంటే అది వేడెక్కి చేతులెత్తేస్తుంది. చల్లారాక మళ్లీ పనిచేస్తుంది, బండి పాడైందని కంగారు పడక్కర్లేదు.

పాత పద్ధతి ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక యాక్సిళ్లను వేర్వేరు వేగంతో తిరగనిచ్చేది) లేని బండిలో ఫోర్ హై, అంటే మామూలు వేగాల ఫోర్ వీల్ గేరు వేస్తే ముందు, వెనక యాక్సిళ్లు ఒకదానికొకటి లాక్ అవుతాయి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. మట్టి మీదైతే టైరు కాస్త జారి సర్దుకుంటుంది, పొడి తారురోడ్డు మీద జారదు. స్టీరింగ్ బిగుసుకుంటుంది, బండి కుదుపుతుంది, చివరికి ట్రాన్స్‌ఫర్ కేసు చెయిన్ దెబ్బతింటుంది. "సేఫ్టీ కోసం ఎప్పుడూ ఫోర్ వీల్‌లోనే పెడతానండీ" అని గర్వంగా చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: రోడ్డు మీద నీళ్లు నిలిచినా ఈ బండి పోతుంది

నీళ్లలో ఎంత లోతు దాకా పోవచ్చో కంపెనీ చెప్పే అంకె నిలిచిన నీటికి, నెమ్మదిగా పోయినప్పటికి. పారే నీరు రెండడుగులుంటే చాలా ఎస్‌యూవీలను లాక్కుపోతుంది. ఎత్తు బండి కాబట్టి నీళ్లు బానెట్ దాకా వచ్చేవరకు ధైర్యం ఉంటుంది, కానీ బండి తేలడానికి అంత నీరు అక్కర్లేదు.

ఎయిర్ ఇన్‌టేక్ నుంచి నీరు ఇంజన్‌లోకి పోతే సిలిండర్‌లో గాలి నొక్కుకున్నట్టు నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకండి, తోయించి బయటికి తెప్పించండి. దాటేశాక కూడా పని ఉంది. వేడిగా ఉన్న డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీళ్ల సందుల్లోంచి, బ్రీదర్ అనే గాలి రంధ్రంలోంచి నీటిని లాగుతుంది. వారంలోగా ఆయిల్ విప్పి చూడండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే వెంటనే మార్చాలి.

అపోహ: సిటీలో మెల్లగా నడిపితే ఈ బండికి ఏమీ కాదు

నా షెడ్డు నడిచేదే ఈ నమ్మకం మీద. కొత్త డీజిల్ బండ్లలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలాలంటే ఫిల్టర్ సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కాలి, అది కొంతసేపు నిలవాలి. మూడు కిలోమీటర్లు పోయి ఇంజన్ ఆపితే ఎక్కడ వేడెక్కుతుంది? శుభ్రం చేసుకునే ప్రయత్నం మధ్యలో ఆగిపోతూ ఉంటే, మసిని కాల్చడానికి అదనంగా చిమ్మిన డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగినట్టు కనిపిస్తే సంతోషించకండి. ఇంజన్ ఆపాక ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంటే ఆ పని మధ్యలో ఆపారని అర్థం. అలాంటప్పుడు వీలైతే తిరిగి స్టార్ట్ చేసి, హైవే మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడపండి. మీ తిరుగుడంతా సిటీలోనే అయితే పెట్రోల్, హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ చూసుకోవడం మేలు.

ట్రాన్స్‌ఫర్ కేసుదీ ఇదే బాధ. ఏళ్ల తరబడి ఫోర్ వీల్ వేయకపోతే షిఫ్ట్ మోటారు, ముందు యాక్సిల్‌ను కలిపే యాక్చుయేటర్ బిగుసుకుపోతాయి. అవసరమైన రోజున స్విచ్ తిప్పితే లైటు మిణుకుమిణుకుమంటుంది తప్ప గేరు పడదు. నెలకు కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడపమని టయోటా మాన్యువళ్లలో ఉంటుంది. కంకర దారో తడి మట్టి మైదానమో చూసుకుని చేయండి, తారురోడ్డు మీద వద్దు.

అపోహ: పెద్ద టైర్లు, లిఫ్ట్ కిట్ వేస్తే బండి మెరుగవుతుంది

బురదకు మెరుగు. తడి తారు మీద పెద్ద గడులున్న మడ్ టైర్లు ఆలస్యంగా ఆగుతాయి, రొద చేస్తాయి. లిఫ్ట్ కిట్‌తో బండి ఎత్తు పెంచితే పైన చెప్పిన గరిమనాభి లెక్క మారుతుంది, స్టీరింగ్ జాయింట్లు తొందరగా అరుగుతాయి. సిటీకి కంపెనీ సైజులోనే, రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైరు చాలు.

అపోహ: సిటీలోనే తిరిగిన ఆఫ్‌రోడర్ సెకండ్ హ్యాండ్‌లో కొంటే కొత్తదానితో సమానం

బాడీకి అది నిజం కావచ్చు. కొనేముందు మట్టి మీదికి తీసుకెళ్లి ఫోర్ హై, ఫోర్ లో రెండూ వేయించి చూడండి, అమ్మేవాడు "అది పనిచేస్తుందండీ" అన్నా సరే. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, దాదాపు ఒకే అరుగుదలలో ఉన్నాయా చూడండి. రెండే మార్చిన బండిలో చుట్టుకొలత తేడాకు ముందు, వెనక చక్రాలను కలిపే సెంటర్ కప్లింగ్ ఎప్పుడూ జారుతూ అరిగి ఉంటుంది. ముందు డిఫరెన్షియల్ ఆయిల్ ప్లగ్ విప్పించండి. ఇంతవరకూ ఎవరూ విప్పని ప్లగ్ అయితే పెయింటు చెక్కుచెదరకుండా ఉంటుంది. అలా ఉంటే అన్ని ఆయిళ్లూ మార్చే ఖర్చును బేరంలోంచి తీసేసి అడగండి.