లెక్కల్లో పాత తప్పులు: అపోహలు - వాస్తవాలు

లెక్కల టీచరుగా జవాబు పత్రాలు దిద్దుతుంటే నాకు కొత్త తప్పులు పెద్దగా కనిపించవు. అవే మళ్లీ మళ్లీ వస్తాయి. సూత్రం మర్చిపోయి చేసేవి తక్కువ. ఒకచోట చెల్లే సూత్రాన్ని ఇంకోచోటికి లాక్కెళ్లి చేసేవే ఎక్కువ.

అపోహ: భిన్నాల్ని కూడాలంటే పైవి పైన, కిందివి కింద కలిపేస్తే చాలు.

అలా చేస్తే 1/2 + 1/3 = 2/5. నేను వెంటనే కొట్టెయ్యను. "సగానికి ఇంకొంత కలిపావు కదా, వచ్చింది సగం కన్నా ఎక్కువా, తక్కువా?" అని అడుగుతాను. 5లో సగం రెండున్నర, కాబట్టి 2/5 అంటే సగం కూడా లేదు. చాలామంది అక్కడే రబ్బరు తీస్తారు. హారం ముక్క ఎంతదో చెబుతుంది, లవం ముక్కలెన్నో చెబుతుంది. ముక్కల సైజులు వేరైతే కలిపి లెక్కపెట్టలేం. ఆరో వంతులుగా మారిస్తే 3/6 + 2/6 = 5/6.

అయినా ఆ పిల్లల ఆలోచన ఉత్తిదేం కాదు. ఒక పరీక్షలో 2కి 1, ఇంకోదాంట్లో 3కి 1 వస్తే మొత్తం 5కి 2 మార్కులే కదా! అక్కడ కలిపింది మార్కుల్ని, భిన్నాల్ని కాదు.

అపోహ: హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) తీసుకోకపోతే కూడిక తప్పు.

ఏ సామాన్య గుణిజమైనా పనికొస్తుంది. 1/4 + 1/6కి 24 తీసుకుంటే 10/24, సూక్ష్మీకరిస్తే 5/12. 12 తీసుకుంటే ఆ చివరి మెట్టు తప్పుతుంది, అంతే. దీనికి మార్కులు కోసేవాళ్లతో నాకు పేచీయే.

అపోహ: భాగిస్తే సంఖ్య తగ్గుతుంది.

6 ÷ 1/2 = 12. ఆరింటిలో సగాలెన్నో టక్కున చెప్పేవాళ్లే ఆ గుర్తు చూడగానే 3 అని రాస్తారు.

అపోహ: 4తోనూ 6తోనూ భాగించబడేది 24తోనూ భాగించబడుతుంది.

12 భాగించబడదు. 4కీ 6కీ ఉమ్మడిగా ఉన్న 2ను రెండుసార్లు లెక్కేశాం. 3, 8 లాగా 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని జంటకైతే ఈ పద్ధతి చెల్లుతుంది. 'క.సా.గు. × గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) = సంఖ్యల లబ్ధం' అన్నదీ రెండు సంఖ్యలకే. 2, 4, 6 తీసుకుంటే లబ్ధం 48, అటు 12 × 2 = 24.

అపోహ: చుట్టుకొలతలు సమానమైతే వైశాల్యాలూ సమానమే.

20 సెం.మీ. చుట్టు వచ్చేలా దారం ముడేసి వేళ్లకు తగిలించండి. 5 × 5గా పట్టుకుంటే 25 చదరపు సెం.మీ., 8 × 2 అయితే 16, 9 × 1 అయితే 9. వేళ్లు ఎడంగా లాగేకొద్దీ లోపలి జాగా కళ్లముందే సన్నబడుతుంది.

చతురస్రం దీర్ఘచతురస్రమేనా అంటే, అవును. నాలుగూ లంబకోణాలైతే చాలు. 1 ప్రధాన సంఖ్య కాదు; ప్రధాన సంఖ్యకు సరిగ్గా రెండు కారణాంకాలుండాలి, 1కి ఉన్నది ఒక్కటే.

ఇక 16/64లో 6లు కొట్టేసి 1/4 అని రాసేవాళ్లు. జవాబు సరైనదే! నేను మాత్రం మార్కు వెయ్యకుండా 13/34 ఇచ్చి, ఇందులో 3లు కొట్టెయ్యమంటాను.