ఉప్పు ముందా, చుట్టాలు ముందా?

వేసవి సెలవులు, ఇంటి నిండా చుట్టాలు. ఈ సందర్భంలో ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది: "పదకొండింటికి పుచ్చకాయ, కీరా ముక్కలు కోసి ఉప్పు, నిమ్మరసం, పుదీనా కలిపి ఫ్రిజ్‌లో పెట్టానండీ. ఒంటిగంటకి వడ్డిద్దామని మూత తీస్తే అడుగున గ్లాసుడు ఎర్ర నీళ్లు, పైన వడిలిపోయిన ముక్కలు. కాయకి మందేమైనా కొట్టి ఉంటారా?"

మందు కాదండీ, ఉప్పు. అది కూడా మీరు వేసిన ఉప్పే.

పుచ్చకాయలో ఏ విటమిన్లున్నాయో, ఎన్ని కాలరీలో ఎండాకాలం రాగానే ప్రతి పత్రికా చెబుతుంది కాబట్టి అది వదిలేస్తాను. మన కథకు రెండు అంకెలు చాలు. నూరు గ్రాముల గుజ్జులో సుమారు 91 గ్రాములు నీరు, 6 గ్రాములు చక్కెరలు. ఇంత నీరున్నా ముక్క పళ్లకింద కరకరమంటుందంటే, ఆ నీరంతా కణాల్లో బిగించి ఉండటం వల్లనే. కోసిన ముక్కని వెలుతురులో పెట్టి చూడండి, రవ్వరవ్వగా మెరుస్తుంది. కణాన్ని చూడాలంటే మామూలుగా మైక్రోస్కోప్ కావాలి. పండిన పుచ్చకాయలో మాత్రం కొన్ని కణాలు మిల్లీమీటరు దాకా ఉబ్బి కంటికే ఆనతాయి. గోడలు పల్చన, లోపలంతా తీపి నీరు. ఆ నీరు గోడను లోపలినుంచి నెడుతూ ఉంటుంది. దీన్నే స్ఫీత పీడనం అంటారు. అది పోతే ముక్క వడిలినట్టే.

బడిలో మనం ద్రవాభిసరణం గురించి చదువుకున్నాం. "అర్ధపారగమ్య త్వచం గుండా" అని మొదలయ్యే నిర్వచనం, బంగాళదుంపకు గుంత తీసి పంచదార నీళ్లు పోసే ప్రయోగం, నాలుగు మార్కులు. వంటింట్లో ఏటా ఇంతకన్నా పెద్ద ప్రయోగం జరుగుతూ ఉంటే పిల్లల్ని అటు తీసుకెళ్లే మాస్టారు మాత్రం తక్కువ. నేను చెప్పేది మాగాయ గురించి.

తొక్క తీసిన పుల్లమామిడి ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి జాడీలో పెడతారు. జాడీలో నీటిచుక్క పడకుండా ఎంత జాగ్రత్తపడతారో తెలిసిందే కదా. అయినా మూడో రోజుకి ముక్కలు ఊటలో తేలుతుంటాయి. ఆ నీరంతా ముక్కల్లోదే. ముక్క పైతడిలో ఉప్పు కరుగుతుంది. అక్కడ కరిగిన రేణువులు ఎక్కువ, కణం లోపల తక్కువ. కణత్వచం, అంటే కణం చుట్టూ ఉండే పల్చని పొర, ఉప్పుని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు, నీటిని మాత్రం వదిలేస్తుంది. నీటి కోసం త్వచంలో ప్రత్యేకంగా ఆక్వాపోరిన్లనే ప్రోటీన్ దారులుంటాయి. వాటిని కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది. రేణువులు తక్కువున్న వైపు నుంచి ఎక్కువున్న వైపుకి నీరు సాగిపోతుంది, ద్రవాభిసరణమంటే అంతే. మీ సలాడ్ గిన్నెలో జరిగిందీ అచ్చంగా మాగాయే. మీరు సలాడ్ చేశాననుకున్నారు, ఉప్పు మాత్రం ఊరగాయ పెట్టింది.

అయితే మామిడికి మూడు రోజులు పట్టింది, పుచ్చకాయకి రెండు గంటలే ఎందుకు చాలాయి? పచ్చిమామిడి కణాలు చిన్నవి, గోడలు గట్టివి, పెక్టిన్ అనే జిగురులాంటి పదార్థంతో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పుచ్చకాయ కణాలు పెద్దవి, పల్చనివి. కత్తి దిగిన దారిలో ఎన్నో అప్పుడే పగిలి, ఉప్పు కరగడానికి కావలసిన తడిని సిద్ధంగా పెడతాయి. మొండి కత్తయితే ఇంకా ఎక్కువ పగులుతాయి.

ఈ లాగుడు ఎంత బలమైందో లెక్క వేద్దాం. లెక్కలంటే చిరాకైనవాళ్లు తర్వాతి పేరాకి దూకేయవచ్చు. సూత్రం వాంట్ హాఫ్‌ది. రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్, 1901లో, ఆయనకే. (మోల్ అంటే డజను లాంటి ఒక లెక్క, రేణువుల్ని లెక్కపెట్టడానికి వాడతారు.) లీటరులో కరిగిన రేణువుల మోల్‌ల సంఖ్యని వాయు స్థిరాంకంతోనూ, కెల్విన్‌లలో ఉష్ణోగ్రతతోనూ గుణిస్తే ద్రవాభిసరణ పీడనం వస్తుంది. పుచ్చరసం లీటరులో 60 గ్రాముల చక్కెర, అదంతా ఫ్రక్టోజ్, గ్లూకోజ్ అనుకుంటే 0.33 మోల్. 30 డిగ్రీల దగ్గర దీని పీడనం సుమారు 8 అట్మాస్ఫియర్లు, అంటే మన చుట్టూ ఉండే గాలి పీడనానికి 8 రెట్లు. ఇక ముక్కపై ఉప్పు చూడండి. నూరు గ్రాముల నీటిలో 36 గ్రాముల దాకా కరుగుతుంది. అంటే కిలో నీటికి 6 మోల్‌లు, సోడియం, క్లోరైడ్‌లుగా విడిపోతే 12. దీని పీడనం 300 అట్మాస్ఫియర్ల పైమాటే. 8కీ 300కీ మధ్య తగువులో నీరు ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. అదే ఉప్పు బదులు అంతే బరువు పంచదార చల్లితే? ఉప్పు 58 గ్రాములకే రెండు మోల్‌ల రేణువులు, పంచదార 342 గ్రాములకి ఒకే ఒక్క మోల్. గ్రాముకి గ్రాము చూస్తే ఉప్పు లాగుడు పంచదారకన్నా 12 రెట్ల దాకా ఎక్కువ. ఊట పలచబడేకొద్దీ ఉప్పు బలం తగ్గుతుంది, రెండు వైపులా సరిసమానమైనప్పుడు ప్రవాహం ఆగుతుంది. కిలో ముక్కలకి 6 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాడు వేశారనుకుందాం. ఆ సమానస్థితి వచ్చేసరికి, కాగితం లెక్క ప్రకారం, ముక్కల్లోని నీటిలో మూడో వంతుకి పైగా బయటికి రావాలి. గిన్నెలో ఉప్పు కొంత లోపలికి చొరబడుతుంది, చక్కెర కొంత బయటికి కారుతుంది. పైగా అంతసేపు మనం ఆగం కాబట్టి అంత నీరు రాదు. గ్లాసుడు రావడంలో మాత్రం వింతేమీ లేదు.

పోనీ ఉప్పు మానేద్దామా? వద్దు. ఉప్పు వేస్తే పుచ్చకాయ ఇంకా తియ్యగా అనిపించడం వట్టి భ్రమ కాదు. సోడియం చేదును అణచివేసి, దాని వెనక దాగిన తీపిని పైకి తెస్తుందని 1997లో బ్రెస్లిన్, బోషాంప్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. పుచ్చకాయలో సోడియం దాదాపు సున్నా, పొటాషియం మాత్రం బాగానే ఉంది. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం కాబట్టి ఆ రకంగానూ చిటికెడు ఉప్పు న్యాయమే. (వడదెబ్బ తగిలినవాళ్లకి మాత్రం సలాడ్ పెట్టకండి. వెంటనే చల్లబరచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.) అసలు సంగతేమిటంటే, రుచి కోసం ఉప్పు నాలుకకి తగిలితే చాలు, ముక్క లోపలికి ఇంకక్కర్లేదు. అందుకే చివర్లో పైపైన చల్లితే తక్కువ ఉప్పుతోనే పని అవుతుంది. బీపీ ఉన్నవాళ్లకి ఇది మరీ మంచిది. తోపుడుబండి మీద పుచ్చముక్కలు అమ్మేవాళ్లని గమనించండి. ఉప్పూకారం డబ్బా పక్కనే ఉంటుంది, కానీ ముక్క మన చేతికిచ్చేటప్పుడే చల్లుతారు. వాంట్ హాఫ్ సూత్రం వాళ్లకి తెలియకపోవచ్చు, వ్యాపారం తెలుసు.

గ్రీకులు పుచ్చకాయని ఫెటా అనే ఉప్పటి చీజ్‌తో తింటారు. అక్కడ ఉప్పు చీజ్‌లో చిక్కుకుని ఉంటుంది, పండుతో కలిసేది ఎక్కువగా నోట్లోనే. మనం ఈ కిటుకుని వేయించిన వేరుశెనగపప్పుతో సాధించవచ్చు. ఉప్పూ మిరియాలపొడీ పప్పుకి పట్టించి, వడ్డించేముందు కలపండి. పుచ్చకాయ ఎరుపుకి కారణమైన లైకోపీన్ కొవ్వులో కరిగేది. పప్పులోని నూనె తోడైతే ఒంటికి పడుతుంది కూడా.

ఎరుపు మాట వచ్చింది కాబట్టి, కాయకి సూదితో ఎర్ర రంగు ఎక్కిస్తారంటూ వాట్సాప్‌లో ఏటా తిరిగే ఇంజెక్షన్ కథ సంగతి. గుజ్జు కణాలుగా విడివిడిగా ఉన్నప్పుడు సూదితో ఎక్కించిన రంగు కాయంతా సమంగా ఎలా పాకుతుంది? గుచ్చినచోట ఓ మరక పడుతుంది, మన ఎండలకి ఆ రంధ్రం దగ్గరే కుళ్లు మొదలవుతుంది. మధ్యలో పగుళ్లుంటే రసాయనమే అంటారు. పరాగ సంపర్కం సరిగా జరగనప్పుడూ ఆ పగుళ్లు వస్తాయి. అనుమానం తీరకపోతే ఆ ఎర్ర నీళ్లని గ్లాసులో పోసి కదపకుండా ఉంచండి. లైకోపీన్ నీళ్లలో కరగదు కాబట్టి ఎరుపు మెల్లగా అడుగుకి దిగి, పైన నీరు పాలిపోతుంది. నీళ్లలో కరిగే రంగైతే అలా విడిపోదు.

భయపడాల్సింది వేరే ఉంది. మాగాయని కాపాడేది దండిగా వేసిన ఉప్పు, మామిడి పులుపు. ఆ ఉప్పు సూక్ష్మజీవుల నీటినీ లాగేస్తుంది. సలాడ్‌లో వేసే చెంచాడు ఉప్పు ముక్కని వడిలించగలదు గానీ, బ్యాక్టీరియాని ఆపలేదు. పుచ్చకాయకి పులుపూ లేదు, పీహెచ్ 5కి పైనే (పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది). పుచ్చకాయ తిన్నాక నీళ్లు తాగితే కలరా వస్తుందనే నమ్మకం విన్నారా? జబ్బు చేసేది ఆ కలయిక కాదు. నీళ్లు మురికివైనా, కోసిన ముక్కలు ఎండలో ఈగల మధ్య గంటలకొద్దీ ఉన్నా జబ్బు చేస్తుంది. అందుకే కోసేముందు కాయని పైనంతా రుద్ది కడగండి, లేకపోతే తొక్కమీది మట్టిని కత్తి లోపలికి తీసుకెళ్తుంది. కోసిన ముక్కలు ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఎండాకాలం బయట గంటకి మించి ఉంచొద్దు.

ఇక చేసే తీరు. కాయని ముందురోజే చల్లబెట్టండి. పదునైన కత్తితో అంగుళం ముక్కలు కోయండి. మూడు సెంటీమీటర్ల ఘనాన్ని సెంటీమీటరు ముక్కలు చేస్తే ఉపరితలం మూడు రెట్లవుతుంది, ఊట దారులూ అన్ని రెట్లే. ముక్కల్ని జల్లెడలో వేసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే పగిలిన కణాల రసం అందులోకి దిగిపోతుంది. కీరాకి గింజల భాగం తీసేయండి. ఉల్లి, పుదీనా వేరుగా తరిగి పెట్టుకోండి. చుట్టాలు విస్తళ్ల ముందు కూర్చున్నాక అన్నీ కలిపి, నిమ్మకాయ పిండి, ఉప్పు పట్టించిన పప్పు చల్లండి. జల్లెడ కింది రసంలో చిటికెడు ఉప్పు, నిమ్మచెక్క వేసి పిల్లలకిచ్చేయండి.

ఎర్ర గుజ్జుకీ తొక్కకీ మధ్యనున్న తెల్ల భాగాన్ని పారేయకండి. 1914లో జపాన్‌లో సిట్రులిన్ అనే అమైనో ఆమ్లాన్ని మొదట వేరుచేసింది పుచ్చకాయ నుంచే, ఈ తెల్ల భాగంలోనూ అది బాగా ఉంటుంది. దీన్ని మాత్రం సన్నగా తురిమి, ముందే ఉప్పు కలిపి పావుగంట పక్కన పెట్టండి. నీరు దిగాక గట్టిగా పిండి, పెరుగులో వేసి ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెడితే మంచి పెరుగుపచ్చడి. ముందే పిండేశారు కాబట్టి పెరుగు పలచబడదు.