ఒకే అక్షరాలుంటే ఒకే అర్థమా? ఇంగ్లీష్ వొకాబులరీ: అపోహలు - వాస్తవాలు

బ్యాంకు, ఎస్సెస్సీ పరీక్షలకు చదివేవాళ్లకు ఇంగ్లీష్ చెప్పడం నా పని. వాళ్ల నోట్సుల్లో 'రూట్ వర్డ్స్' అని ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. ఒకే అక్షరాలున్న మాటలన్నీ ఒకచోట, పక్కన తెలుగు అర్థం. పద్ధతి మంచిదే, నేనూ ఇలాగే చెబుతాను. కాకపోతే దాని చుట్టూ కొన్ని నమ్మకాలు అల్లుకుపోయాయి. వాటివల్ల బాగా చదివినవాళ్లకే మార్కులు పోతున్నాయి.

అపోహ: ఒకే అక్షరాలున్న మాటలన్నీ ఒకే కుటుంబం.

పి-ఇ-డి చూడండి. పెడల్ అంటే కాలితో తొక్కేది. పెడెస్ట్రియన్ అంటే నడిచి వెళ్లే మనిషి. సెంటిపీడ్ అంటే జెర్రి. వీటన్నిట్లో ఉన్నది పాదం అనే అర్థమున్న లాటిన్ మాట. ఇంపీడ్ అంటే అడ్డుకోవడం, అసలు అర్థం కాళ్లకు బంధం వేయడం. ఆ బంధం విప్పి పనిని త్వరగా సాగనిస్తే ఎక్స్‌పెడైట్. ఈ రెండూ జంటగా గుర్తుంటే యాంటనిమ్ (వ్యతిరేక పదం) ప్రశ్నలో తడుముకోనక్కర్లేదు.

మరి టెట్, డీఎస్సీ రాసేవాళ్లకు బాగా తెలిసిన పెడగాజీలో, అంటే బోధనా శాస్త్రంలో, పాదం ఎక్కడుంది? లేదు. అది గ్రీకులో 'పిల్లవాడు' అనే మాట నుంచి వచ్చింది. పీడియాట్రిషియన్ పిల్లల డాక్టర్ అయింది కూడా అందుకే. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో ఈ మాటకు పి తర్వాత ఎ-ఇ అని రెండు అక్షరాలు రాస్తారు కాబట్టి అక్కడ తేడా కంటికి కనిపిస్తుంది. అమెరికన్ స్పెల్లింగ్‌లో ఎ పోయి రెండు కుటుంబాలూ కలిసిపోయినట్టుంటాయి. వంశావళి అనే అర్థమున్న పెడిగ్రీ మాత్రం మళ్లీ పాదం వైపే. ఫ్రెంచ్‌లో దాని మూలం 'కొంగ కాలు'. వంశవృక్షంలో పాయలుగా చీలే గీత కొంగ అడుగులా ఉంటుందని ఆ పేరు పెట్టారు.

సి-ఐ-డి-ఇ తో ఇంకో చిక్కు. సూసైడ్, హోమిసైడ్, పెస్టిసైడ్ చూసి పక్కన 'చంపడం' అని రాసుకుంటారు. అలాంటప్పుడు డిసైడ్ సంగతేంటి? అదీ ఆ కుటుంబమే. లాటిన్ మూలానికి కోయడం, నరకడం అనే అర్థాలూ ఉన్నాయి. మనం 'తెగేసి చెప్పాడు' అంటాం కదా, డిసైడ్ లోపల ఉన్నది ఆ తెగడమే. కన్సైస్ (క్లుప్తమైన), ప్రిసైస్ (కచ్చితమైన) కూడా ఆ కోత నుంచే వచ్చాయి. యాక్సిడెంట్, ఇన్సిడెంట్‌లలో సి-ఐ-డి కనిపించినా వాటి మూలం 'పడడం' అనే వేరే మాట.

అపోహ: మాట ముందు ఐ-ఎన్ ఉంటే అర్థం తిరగబడుతుంది.

ఈ ఒక్కదానిలో పొరబడితే పోయేది మార్కులు మాత్రమే కాదు. పెట్రోల్ ట్యాంకర్ల మీద 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. ఇట్టే మంట అంటుకుంటుందని దాని అర్థం. ఫ్లేమబుల్ అన్నా అదే అర్థం. అంటుకోనిది అని చెప్పాలంటే నాన్‌ఫ్లేమబుల్ అనాలి. ఇక్కడ ఐ-ఎన్ 'కాదు' అని చెప్పదు, 'లోపలికి' అనే అర్థంతో మంట రేపడాన్ని చెబుతుంది. ఒంట్లో మంట, వాపు వస్తే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు, అదీ ఇదే.

అలాగే ఇన్‌వాల్యుబుల్ అంటే వెలకట్టలేనంత విలువైనది. ఇన్‌ఫేమస్ అంటే చెడ్డపేరు మోసినవాడు, ఎవరికీ తెలియనివాడు కాదు.

అపోహ: స్పెల్లింగ్ ఒకటైతే పలుకూ ఒకటే.

ఒ-యు-జి-హెచ్ ఉన్నవి నాలుగు చాలు: టఫ్, దో, త్రూ, థాట్. రూల్ వెతుక్కోకండి, ఒక్కోటీ విని నేర్చుకోవాల్సిందే.

అపోహ: సైలెంట్ అక్షరాలు దండగ.

దీన్ని మాత్రం నేను అస్సలు ఒప్పుకోను. సైన్‌లో పలకని జి, సిగ్నేచర్‌లో పలుకుతుంది. బాంబ్‌లో చివరి బి, బంబార్డ్‌లో బయటపడుతుంది. మజిల్‌లో మాయమైన సి, మస్క్యులర్‌లో వినిపిస్తుంది. రెండు అనే టూలో డబ్ల్యూ ఎందుకుందో ట్విన్, ట్వైస్, ట్వెల్వ్ చూస్తే తెలిసిపోతుంది. నైఫ్ (కత్తి), నీ (మోకాలు), నాట్ (ముడి) మొదట్లో ఉన్న కె ఒకప్పుడు పలికేవాళ్లు. జర్మన్లు ఇప్పటికీ మోకాలిని 'క్నీ' అనే అంటారు.

అప్పు అనే అర్థమున్న డెట్ కథ వేరు. పాత ఇంగ్లీష్ రాతల్లో అందులో బి లేదు. లాటిన్ మూలం గుర్తుండాలని పండితులు తర్వాత చేర్చారు. పలుకు మారలేదు, కానీ డెబిట్ కార్డుకూ దానికీ చుట్టరికం మాత్రం కంటికి కనిపిస్తుంది. ఐలాండ్‌లో ఎస్ కూడా ఇలాగే చేర్చిందే. అక్కడ మాత్రం పొరపాటు జరిగింది, ఆ మాటకు లాటిన్ మూలమే లేదు.

అపోహ: ఎ నుంచి జెడ్ దాకా వరుసగా బట్టీ పడితే వొకాబులరీ వచ్చేస్తుంది.

ఎబేట్, ఎబెట్, ఎబైడ్, ఎబాష్ ఒకే పూటలో చదివినవాళ్లను వారం తర్వాత అడిగి చూడండి. మాటలన్నీ గుర్తుంటాయి, అర్థాలు ఒకదానిది ఇంకోదానికి తగులుకుంటాయి. పోలిన మాటలను వేర్వేరు రోజుల్లో, ఒక్కోదాన్ని ఒక్కో సందర్భంతో చదవాలి. నేరానికి తోడ్పడితే ఎబెట్. కేసుల వార్తల్లో ఎబెట్‌మెంట్ అని వింటూనే ఉంటాం, దానితో కలిపి చదవండి. తుఫాను ఉధృతి తగ్గితే ఎబేట్. దీన్ని ఓ నాలుగు రోజులాగి, వాతావరణ వార్త చదివేటప్పుడు నోట్సులోకి ఎక్కించండి.